అమ్మీ అన్న గొంతు

పోయిన వారం మిమ్మల్ని ఎమ్మిగనూరు బస్సు మెట్టు మీదనే వదిలేసి పోయినా. కోప్పడొద్దండి, ఆ బస్సు సంగతే అంత. ఈ వారమే కొత్తగా చదవబట్టినోళ్ళకు నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతా. తెలిసినోళ్ళు ఓపిక పట్టండి, లేదంటే అంతలోపల టీ తాగి రాండి.

నేను జయన్న. ఆదోనిలో పత్తి మిల్లులో బేళ్ళు కట్టే ప్రెస్సు కాడ పని. బస్సులో నా పక్కన కూర్చున్నోడు టైలరు యూసుఫ్. వాని ఒళ్ళో టిఫిను డబ్బా ఉంది గానీ దాంట్లో ఉండేది అన్నం కాదు, పాత గుడ్డలో చుట్టిన స్పూలు టేపు. ఆ టేపులో వాళ్ళన్న మహమ్మద్ అలీ ఉన్నాడు.

అలీ నా దోస్తు. పత్తి లారీల డ్రైవర్లు బొంబాయి నుంచి తెచ్చే రికార్డులు వినీ వినీ గిటారు పట్టినోడు. నాకు హెండ్రిక్స్ అనే తెల్లదేశాల గిటారోని పేరు చెప్పింది వాడే, బ్లాక్‌మోర్ పేరు చెప్పింది వాడే. డెబ్బై రెండులో, కాలవకు నీళ్ళు వదిలిన దినాల్లో, హొళగుంద దోవలో కాలవగట్టు మీద వాని సైకిలు దొరికింది. క్యారియర్‌కు కట్టిన టేపురికార్డరు దొరికింది, దాంట్లో ఎక్కించిన టేపు దొరికింది. వాడు దొరకలేదు. ఆ పక్కనుండే మారెమ్మ అనే ఆడమనిషి అలీవాళ్ళ ఇంటిదాకా వచ్చి, సాయిబుల పిల్లోడు ఒకడు కాలవలో జారిపోయింది కండ్లారా చూసినా, వాడెవడో నాకు తెల్దు అని చెప్పి పోయింది. శవం లేకుండానే ఫాతిహా చదివించినారు.

అప్పటినుంచి అలీవాళ్ళమ్మ జమ్రుద్‌బీ శుక్రవారం సాయంత్రం ఆ టేపు వింటాది. శుక్రవారం ఒక్కటే. ఎక్కువ తిప్పితే అరిగిపోతాదని ఆమె భయం. ఆదోనిలో గిటారు పిచ్చి పట్టినోళ్ళం నలుగురం ఉన్నాం, మేమూ పోయి గోడకు ఆనుకొని కూర్చుంటాం. మిల్లులన్నీ ఆడే టైమది. బల్బు ఎర్రబడి కునుకుతా ఉంటాది. బల్బు డల్లయితే అలీ వచ్చినాడని మాలో మా వాడుక. ఊదు పొగలో స్పూలు ఒళ్ళు నొప్పుల ముసలోని మాదిరి మెల్లగా తిరుగుతాది. మొదట ఒక ఏడుపు. తీగను లాగి లాగి ఏడిపించినట్టుంటాది, దానికి మేము 'అలీ ఏడుపు' అని పేరు పెట్టుకున్నాం. తర్వాత గిటారు. బరువుగా, నిండు బేలును నేల మీద ఈడ్చినట్టు. చివర్న ఒక మగగొంతు, అమ్మీ, అని. ఆ తర్వాత ఏందో గరగర, ఒక్క ముక్కా అర్థం కాదు.

సాయిబుల ఇండ్లల్లో అమ్మీ అంటే అమ్మ. ఆ మాట వినపడంగానే జమ్రుద్‌బీ, హా బేటా, అని పలుకుతాది. ప్రతిసారీ పలుకుతాది. నేను ముప్పై దాటినోణ్ణి, కాలు మీద బేలు పడినా కుయ్యిమనలేదు. ఆ పలుకుడుకు మాత్రం మొగం గోడ దిక్కు తిప్పుకుంటా.

ఇప్పుడు ఆ టేపు చావుకొచ్చింది. తిప్పినప్పుడల్లా తుప్పు రంగు పొడి రాలుతాది. ఎమ్మిగనూరు కాశప్ప దగ్గర మంచి మిషన్లు ఉండాయి, తీసుకొస్తే క్యాసెట్లోకి కాపీ చేసిస్తానన్నాడు. అమ్మకు ఆ ఒక్క మాట నిలపాలని యూసుఫ్ బయలుదేరినాడు. ఆమెకు చెప్పకుండా బయలుదేరినాడు, అది గుర్తు పెట్టుకోండి. నేను ఎందుకు పోయినానంటే, కాశప్ప నోరు మూయించడానికి.

ఈ కాశప్ప గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ పండ్లు కొరకాలనిపిస్తాది. మగ్గం నేసే ఇల్లు. వాళ్ళ బావ బొంబాయి పక్కన భీవండిలో ఉండాడు, ఆడ మరమగ్గాల పని. బొంబాయిలో ఏ ఇంగ్లీషు క్యాసెట్టు దిగినా, గిటారోళ్ళ బొమ్మలుండే ఏ పుస్తకం దొరికినా, ఆ బావ చీరల మూటలో పెట్టి పంపిస్తాడు. అందుకని తనకంటే తెలిసినోడు ఈ తుంగభద్రకు ఇటుపక్క లేడని ఈయన నమ్మకం. మాట మాత్రం నిదానంగా, నవ్వుతా మాట్లాడతాడు. అరిచేవాణ్ణి ఎదురుకోవచ్చు, నవ్వేవాణ్ణి ఏం చేస్తావు?

ఆదివారం కదా, ఇంట్లో మగ్గం ఆపి, తన దోస్తులు ఇద్దరితో మాకోసమే కూర్చోనున్నాడు. పక్కింట్లో మగ్గం ఆడతానే ఉంది, టకాటకా టకాటకా. జొన్నరొట్టె, పుంటికూర పెట్టించినాడు. తినేవరకు మర్యాదగానే ఉన్నాం. చేయి కడిగినాక మొదలైంది.

హెవీ సంగీతంలో, అంటే గిటార్ల హోరుండే ఇంగ్లీషు పాటల్లో, రెండు దోవలున్నాయి, అవి మేము పెట్టుకున్న పేర్లే. వాళ్ళది ఉరుకు, మాది ఈడ్పు. ఎవరు ఎంత జోరుగా వాయిస్తే అంత గొప్ప అనేది కాశప్ప వాదన. వాళ్ళకు దేవుడు బ్లాక్‌మోర్. ఆ పక్కింటి మగ్గం దిక్కు చేయి చూపించి, దారం మోసే నాడె ఎట్ల ఉరుకుతాందో విను, మా చెవులు పుట్టినప్పటినుంచి దీంట్లో నానినాయి, జోరు సంగతి మాకు చెప్పొద్దు అన్నాడు. నేను ఊరుకుంటానా? బరువు లేనిది హెవీ ఎట్ల అవుతాదప్పా, మగ్గం శబ్దానికి నిద్ర పడతాది గానీ గుండె జారుతాదా అన్నా. ఇంగ్లండులో అయోమీ అనే ఆయన రేకుల ఫ్యాక్టరీలో వేలికొసలు పోగొట్టుకున్నాడు, వేళ్ళకు టోపీలు తగిలించుకొని, నొప్పి తగ్గాలని తీగలు వదులు చేసుకొని వాయించినాడు, ఆ వదులులో నుంచే ఈ బరువు వచ్చింది, ఇది మిల్లోళ్ళ సంగీతం, నూలోళ్ళది కాదు అని గట్టిగానే చెప్పినా.

కాశప్ప దానికి కాదనలేదు. అయోమీకి దండం పెడతానన్నాడు. కానీ మీ అలీకి ఎందుకు పెట్టాల అన్నాడు.

అదీ అసలు తగువు. మా ఆదోనోళ్ళ మాట ఏమంటే, ఆ ఈడ్పును అయోమీని వినకుండానే, తనంతట తానే అలీ కనిపెట్టినాడు అని. వేపచెట్టు ఒక ఊర్లోనే మొలిచిందా? ఆడా మొలిచింది, ఈడా మొలిచింది. పైగా చివర్న ఆ గరగర గొంతు ఉంది చూడు, గొంతుతోనే గిటారు మాదిరి గర్జించడం, అది అప్పటికి ఎవరూ చేయలేదని నేను ఎన్ని ఇండ్ల అరుగుల మీద కూర్చొని వాదించినానో లెక్కలేదు. ఓడినోళ్ళు అవతలోళ్ళ గిటారోణ్ణి, అంటే మేము బ్లాక్‌మోర్‌ను, వాళ్ళు అలీని, గురువని పదిమందిలో ఒప్పుకోవాల అని పందెం. యూసుఫ్‌కు ఇదంతా పట్టలేదు. టేపు డబ్బా తొడ మీద పెట్టుకొని, అన్నా కాపీ ఎంతసేపు పడతాది, చీకటి పడేలోపల పోవాల, అని రెండుసార్లు అడిగినాడు.

కాశప్ప మిషను ముందు ఒక ఇనప పెట్టె ఉండె. దాని మీద గడియారం మాదిరి ముల్లు. స్టెబిలైజర్ అంట, కరెంటు ఎంత దిగినా ఎక్కినా ఇది సరిచేసి ఇస్తాది అన్నాడు. ముల్లు నిలబడేవరకు ఆగి, టేపును పసిబిడ్డను పట్టినట్టు పట్టి ఎక్కించినాడు. ఆ మర్యాద మాత్రం నేను కాదనను.

స్పూలు తిరిగింది. నాకు అప్పుడే ఏందో తేడా కొట్టింది. మా ఊర్లో తిరిగే తిరుగుడు కాదది.

అలీ ఏడుపు రావాల్సిన చోట కోడి కూసింది.

నేను అబద్ధం చెప్పడం లేదు. కొక్కొరొకో అని, నిక్షేపంగా, గోడెక్కిన పుంజు కూసినట్టు కూసింది. కాశప్ప పక్కనున్న ఇద్దరు పొట్ట పట్టుకొని నవ్వినారు. పన్నెండేండ్లుగా మేము కండ్లు మూసుకొని విన్న ఏడుపు అది. ఆ ఏడుపు వినే నేను ఒకసారి పెండ్లిచూపులకు పోకుండా నిలిచిపోయినా, అంత గొప్ప ఏడుపు. కోడి!

మీ మిషను జోరుగా తిరుగుతాంది, చెడిపోయింది అని నేను లేచినా. కాశప్ప నవ్వలేదు, ఆ మాట కూడా చెప్పాల. "మిషను తప్పు అంటే ఒప్పుకుంటా జయన్నా. కోడి కూడా తప్పు కూస్తాందా?" అన్నాడు. కోడితో వాదన ఏం పెట్టుకుంటాం? కూర్చున్నా.

తర్వాత గిటారు వచ్చింది. బరువు లేదు. బేలు లేదు, ఈడ్పు లేదు. తేలిగ్గా, చిన్నగా, చర్చిలో ఆదివారం పాడే రాగం లాంటిది ఎవరో నేర్చుకుంటాన్నారు. ఒకచోట వేలు తప్పింది, ఆగి, మళ్ళీ మొదటినుంచి అందుకున్నారు. ఆ తప్పిన చోటును మేము ఏమనేవాళ్ళమో తెలుసా? అలీ ఊపిరి తీసుకునే చోటు. అలీవాళ్ళింటి మిషను స్పీకరు కాగితం చినిగిపోయింది, అందుకే ఆ బొంగురు. మిల్లులు ఆడేటప్పుడు కరెంటు చాలదు, మిషను నిదానంగా తిరిగి శబ్దం లావవుతాది, అందుకే ఆ బరువు. మేము ఇంతకాలం మొక్కింది డల్లయిన బల్బుకు.

నవ్వు ఆగినట్టు గుర్తు. ఎందుకంటే గొంతు వచ్చింది.

ఆడగొంతు. కొంచెం బొంగురు ఉంది, వయసైన గొంతు, అయినా ఆడగొంతే. గరగర అనుకున్నదంతా విడివిడిగా, ఎదురుగా కూర్చొని చెప్పినట్టు వినిపించింది.

"అమ్మీ, సాకు ఇంక. అలీ పండుకోనుండాడు."

టేపు ఉత్తగా తిరుగుతా ఉంది. పక్కింటి మగ్గం ఒక్కటే శబ్దం. చచ్చినోని గొంతని విన్నన్నాళ్ళూ రాని భయం, ఇది బతికినోళ్ళ గొంతని తెలిసినాక వచ్చింది.

యూసుఫ్ మొగం చూడలేకపోయినా. వాడు ఇంకోసారి వేయమన్నాడు. కాశప్ప వెనక్కి తిప్పి వేసినాడు. మళ్ళీ అదే. యూసుఫ్ నా దిక్కు తిరిగి నెమ్మదిగా అడిగినాడు.

"జయన్నా, మీ ఇండ్లల్లో అమ్మీ అంటే ఎవరు?"

మా అక్క కూతుర్ని పొద్దున లేచినప్పటినుంచి పండుకునేవరకు నేను పిలిచే పిలుపు అదే. అమ్మీ నీళ్ళియ్యి, అమ్మీ చెప్పులు యాడ పెట్టినావు. ఆ పొద్దు కూడా బయలుదేరేటప్పుడు పిలిచి వచ్చినా. ఇంతకాలం సాయిబుల ఇంట్లో కూర్చొని విన్నందుకు అది సాయిబుల మాట అయిపోయింది, నా మాట నాకే గుర్తు రాలేదు.

"ఆడపిల్లను పిలుస్తాం," అన్నా.

వాడు తల ఊపినాడు. అంటే గిటారు వాయించేది ఒక పిల్ల. చాలించు అని చెప్పేది వాళ్ళమ్మో అవ్వో. అలీ ఆడనే, పక్కన యాడనో నిద్రపోతాండాడు. ఆ మిషను వానిది, ఆ టేపు వానిది, దాంట్లో వాని గొంతు లేదు. వాని వేలు లేదు. అన్నను ఒకసారి నీళ్ళలో పోగొట్టుకున్నాం, ఈ పొద్దు మళ్ళీ పోగొట్టుకున్నాం అని యూసుఫ్ తనలో తాను అన్నట్టు అన్నాడు. ఏడ్వలేదు. ఏడ్చింటే బాగుండు.

పందెం సంగతి నేనే ఎత్తినా, ఒప్పుకుందామని. ఓడినోడు ఓడినానని చెప్పకపోతే వాడు మనిషే కాదు. కాశప్ప చేయి అడ్డం పెట్టి, వద్దన్నా, ఈ పొద్దు పందెం లేదు అన్నాడు. తన మనుషుల్ని కూడా బయటికి పంపించేసినాడు. అప్పుడు ఒక మాట చెప్పినాడు. వేలితో స్పూలును కొంచెం అదిమి పట్టుకుంటే టేపు నిదానిస్తాది, మీ ఊర్లో ఎట్ల వినపడతాదో అట్లనే క్యాసెట్లోకి ఎక్కించి ఇస్తా, ఆ తల్లికి ఆ మాట ఆ మాటగానే ఉండిపోతాది, ఇక ఏ కరెంటుకూ మారదు, అని.

నేను ఎగిరినా. అబద్ధాన్ని కాపీ చేయిస్తావా అని యూసుఫ్ మీద అరిచినా. వాడు నా దిక్కు చూసినాడు, ఎంత కోపమో ఆ కండ్లల్లో. నీకు పోయింది గురువు, నాకు మిగిలింది అమ్మ, అన్నాడు. కాశప్ప బొటనవేలు స్పూలు అంచుకు ఆనిచ్చి పట్టుకున్నాడు. కోడి మళ్ళీ అలీ ఏడుపయింది. ఆడమనిషి మళ్ళీ మగపిల్లోడయింది. నా కండ్ల ముందరే, ఒక్క బొటనవేలితో. అది చూసినాక చాలాకాలం నాకు ఏ పాట విన్నా ఎవరి వేలు ఆనుకోనుందో అని అనుమానమే.

తిరుగు బస్సెక్కినాం. క్యాసెట్టు జేబులో, స్పూలు డబ్బాలో. ఆదోని దిగేసరికి పొద్దు గూకుతా ఉంది. వీధిలోకి తిరగంగానే జమ్రుద్‌బీ గడపలో నిలబడి కనపడింది. ఆమె గడపలో నిలబడే మనిషి కాదు. అలీ పోయినాక ఒక కన్ను పోయింది, రెండోది మబ్బు. మా చెప్పుల శబ్దం పట్టి, యూసుఫ్, అని పిలిచింది. మిషను మూత తీసి తుడుద్దామని చూస్తే టేపు లేదంట. ఇల్లంతా వెతికిందంట. మధ్యాహ్నం నుంచి అన్నం ముట్టలేదంట.

"నా కొడుకును యాడికి తీస్కపోయినావు రా?" అని అడిగింది.

కాపీ చేయించడానికి పోయినామమ్మీ, అరిగిపోతాంది కదా, ఇదిగో, ఇంక దీంట్లో వినొచ్చు అని యూసుఫ్ క్యాసెట్టు ఆమె చేతిలో పెట్టినాడు. ఆమె దాన్ని తడిమి చూసి, తేలిగ్గా ఉంది అని తిరిగి ఇచ్చేసింది. నా టేపు నాకు కావాల, నా మిషన్లో వినాల, వానికి ఏమీ కాలేదని నా చెవుల్తో వినాల, అనింది.

శుక్రవారం విందాం లే అమ్మా, అని నేను అడ్డం పడినా. అరిగిపోతాదని నువ్వే కదా అంటావు అన్నా. రెండు అబద్ధాలు కూడా చెప్పినా, మిషను బెల్టు తెగిందని ఒకటి, నాకు అర్జంటు పనుందని ఒకటి. నాకు అబద్ధాలు చేతకావు. ఆమె మంచం మీద కూర్చొని పెట్టమనింది. తల్లి పెట్టమంటే యూసుఫ్ ఏం చేస్తాడు, ఎక్కించినాడు.

ఆదివారం. మిల్లులన్నీ మూత. బల్బు తెల్లగా, పెండ్లి పందిట్లో లైటు మాదిరి వెలుగుతాంది. జీవితంలో మొదటిసారి కరెంటు తగ్గాలని మొక్కినా. ఊర్లో ఎవరైనా పిండిమిల్లు వేయకూడదా, ఎవరైనా మోటారు వేయకూడదా అని తలుపు దిక్కు చూస్తా కూర్చున్నా. ఎప్పుడు అడగకపోయినా పడిపోయే కరెంటు ఆ పొద్దు మొండికేసింది.

కోడి కూసింది. స్పీకరు చినిగిందే, బెల్టు వదులైందే, అయినా కోడి కోడే.

జమ్రుద్‌బీ తల కొంచెం ఎత్తింది. గిటారు వచ్చింది, తప్పింది, మళ్ళీ మొదలైంది. ఆమె వేళ్ళు తస్బీ పూసల మీద ఆగిపోయినాయి. యూసుఫ్ గోడకు తల ఆనించి కండ్లు గట్టిగా మూసుకున్నాడు. నాకు లేచి ప్లగ్గు పీకాలనిపించింది, పీకలేదు.

గొంతు వచ్చింది. అమ్మీ, సాకు ఇంక. అలీ పండుకోనుండాడు.

ఆమె పలకలేదు. ఆ పలుకుడు కోసం ఇద్దరం ఎదురు చూసినాం, రాలేదు. యూసుఫ్ పోయి ఆమె కాళ్ళ కాడ కూర్చొని, ఎమ్మిగనూరులో జరిగిందంతా, కోడి సంగతి, కరెంటు సంగతి, మా ఇండ్లల్లో అమ్మీ అనే మాట సంగతి, బొటనవేలు సంగతితో సహా దాచకుండా చెప్పేసినాడు. చెప్తా చెప్తా ఏడ్చినాడు. నిన్ను మోసం చేయబోయినానమ్మీ అన్నాడు.

ఆమె వాని తల మీద చేయి పెట్టింది. మెల్లగా చెప్పింది. "పన్నెండేండ్లు ఎవరి బిడ్డనో పిలిస్తే నేను పలికినా."

నాకు దుఃఖం ఆగలేదు. సిగ్గేముంది, ఏడ్చినా. ఆమె మాత్రం ఏడ్వలేదు. ఇంకోసారి పెట్టు అనింది. వద్దమ్మీ అన్నాడు యూసుఫ్. పెట్టు అనింది, ఈసారి గొంతు మారింది.

ఆమె మంచం మీద ముందుకు వంగి, చెవి స్పీకరుకు దగ్గర పెట్టి వినింది. కొడుకును వినే విధం కాదది, దారాన్ని సూదిలోకి ఎక్కించేటప్పుడు చూసే చూపు ఉంటాదే, అట్ల వినింది. సాకు అనే మాట దగ్గర చేయెత్తి ఆపమనింది. వెనక్కి తిప్పించింది. సాకు. మళ్ళీ తిప్పించింది. సాకు. సాలు అనకుండా కన్నడం కలిపి మాట్లాడే హొళగుంద పక్క మాట అది, ఆ ఊర్లల్లో చాలామంది అంటారు, దాంట్లో ఏముందమ్మా అని నేను అడిగినా.

"ఆ పొద్దు ఈ గడపలోనే నిలబడింది," అనింది జమ్రుద్‌బీ. "ఎండనపడి వచ్చింది పాపం అని గ్లాసుతో నీళ్ళిచ్చినా. సగం తాగి, సాకమ్మా సాకు, అనింది. అప్పుడు నా కండ్లు బాగుండె గానీ నేను ఆమె మొగం చూడలేదు, నా బిడ్డ పోయినాడని చెప్పే నోరును ఎవరు చూస్తారు? గొంతు ఒక్కటే మిగిలింది. ఇదే గొంతు."

యూసుఫ్ తల ఎత్తినాడు. మారెమ్మ అని వాని నోట్లోనుంచి గాలి వచ్చినట్టు వచ్చింది.

కాలవగట్టు మీద నిలబడి ఎవరో తెలియని పిల్లోడు జారిపోయింది చూసినానని చెప్పిన ఆమె. పోలీసులకు చెప్పింది, పెద్దమనుషులకు చెప్పింది, ఈ తల్లికి చెప్పింది. ఆ ఒక్కమాట మీదనే ఫాతిహా చదివించినాం. వాని పేరే తెలియదన్న మనిషి, వాడు పోకముందే, తన ఇంటి ముందర కోళ్ళ మధ్య నిలబడి, అలీ నిద్రపోతాండాడు, శబ్దం చేయొద్దు అని ఆ పిల్లకు చెప్పింది. అలీ అని చెప్పింది. ఇంట్లో మనిషి పేరు చెప్పినట్టు చెప్పింది.

ఇది పోలీసులకు చెప్దామా, జమాతులో పెద్దలకు చెప్దామా, పొద్దునవరకు ఆగుదామా అని నేను ఏందేందో మాట్లాడతానే ఉన్నా. ఆమె వింటున్నట్టు లేదు. మంచం పట్టె పట్టుకొని లేచి నిలబడింది. పెద్దకొడుకు పోయినప్పటినుంచి ఆ గల్లీ దాటి బయటికి పోని మనిషి.

"యూసుఫ్, నా బుర్ఖా తీస్కరా. హొళగుంద బస్సు ఇంకా పోయిండదు."

ఇప్పుడెందుకమ్మీ, ఆడికి పోయి ఏమని అడుగుతావు అన్నాడు వాడు.

"నేనేమీ అడగను రా," అనింది. "అలీ పండుకోనుండాడని చెప్పింది కదా. యాడ పండుకోనుండాడో ఆమెనే చూపిస్తాది."